బెదరిన దేహానికి చంక్రమణం

నిద్ర పట్టడం లేదని మా వైద్యశాలకు వచ్చే స్త్రీలను ఇప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న నిద్రను గురించినది కాదు. “ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా భయపెడుతున్నారా అమ్మా?” అని అడుగుతాను. అది కూడా ఆమె వెంట వచ్చినవారు బయట కూర్చున్నప్పుడు మాత్రమే అడుగుతాను. ఈ చిన్న ప్రశ్న అడగవలెనని తెలిసేసరికి నేను వైద్యం మొదలుపెట్టి చాలా ఏళ్లు గడిచినవి. ఆ ఆలస్యం వలన బాధపడినది నేను కాదు, నన్ను నమ్మి వచ్చిన ఒక రోగి.

సుమారు ముప్పై ఏళ్ల క్రిందటి మాట. ఆమెకు ముప్పై రెండేళ్లు. భర్త మంచి ఉద్యోగంలో ఉన్నవాడు, మాటతీరు మర్యాదగా ఉన్నది. నిద్ర లేదు, అరికాళ్లలో మంటలు, అన్నం తిన్న వెంటనే విరేచనం. నేను వేసిన ప్రతి ప్రశ్నకూ సమాధానం భర్తే చెప్పాడు. ఆమె తల వంచుకొని కూర్చున్నది. దానిని సిగ్గు అనుకొన్నాను. నాడి చూచి వాతప్రకోపమని నిర్ణయించి, ఔషధం ఇచ్చి, “రోజూ ఉదయం గది తలుపు వేసుకొని, కళ్లు మూసుకొని, అరగంటసేపు ప్రాణాయామం చేయండి. కాస్త ఓర్పు వహించండి” అని పంపాను.

ఇరవై రోజులకు తిరిగి వచ్చింది. మరింత చిక్కిపోయింది. ఆ రోజు అభ్యంగం కోసం నా శ్రీమతి ఆమెను లోపలికి తీసుకొని వెళ్లి నూనె రాస్తూ, మోచేతికి పైన నాలుగు వ్రేళ్ల గుర్తులు చూచింది. గంటసేపు ఇద్దరూ మాట్లాడుకొన్నారు. “కళ్లు మూసుకుంటే అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తున్నదో తెలియదండీ అక్కయ్యగారూ” అన్నదట. మూసిన తలుపు, మూసిన కళ్లు, బిగబట్టిన ఊపిరి. దెబ్బలు తినే వేళ ఆమె ఎట్లా ఉంటుందో, సరిగ్గా ఆ స్థితినే నేను చికిత్స పేరుతో చీటీ మీద వ్రాసి ఇచ్చాను.

ఇటువంటి ఇళ్లు ఎక్కడో ఒకటీ అరా ఉంటాయని అనుకోరాదు. 2019-21 మధ్య జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 నుండి 49 ఏళ్ల వయస్సు గల వివాహిత స్త్రీలలో, భర్త చేతి హింసను ఎప్పుడైనా అనుభవించామని చెప్పినవారు దేశం మొత్తం మీద 100కి సుమారు 29 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది, తెలంగాణలో 37 మంది. త్రాగుడు ఉన్న ఇళ్లలోనే ఇది జరుగుతుందని మధ్యతరగతి వారు భావిస్తారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు తిరిగినప్పుడు ఆ కోపం వెనుక తిన్న దెబ్బలు కూడా ఉన్నవి. కాని వారు వీధిలోకి వచ్చి చెప్పుకొన్నారు. మన ఇళ్లలో తలుపులు దగ్గరగా వేసుకొంటారు.

నడకకు ముందు

నడక, ధ్యానం మొదలైనవి దెబ్బలను ఆపవు. ఇది మొదటనే చెప్పవలసిన మాట. కొట్టే చేయి ఆగకుండా, తినేవారికి శాంతి నేర్పడం వైద్యం కాదు. 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్న గృహహింస నిరోధక చట్టం కొట్టడాన్ని ఒక్కదానినే కాదు, మాటలతో హింసించడాన్నీ, లైంగిక హింసనూ, చేతిలో పైసా లేకుండా చేయడాన్నీ కూడా హింసగానే పరిగణిస్తుంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నప్పటికీ, కాపురం చేస్తున్న ఇంట్లో నివసించే హక్కు ఆమెకు ఇస్తుంది. 181 నంబరుకు ఫోను చేస్తే మహిళా సహాయ కేంద్రం పలుకుతుంది. ప్రాణాపాయం అనిపిస్తే 112. 2015 నుండి నడుస్తున్న సఖి కేంద్రాలలో వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, తాత్కాలికంగా తలదాచుకొనే చోటు ఒక్క దగ్గరే లభిస్తాయి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది. ఇల్లు విడిచి వచ్చే సమయమే చాలామందికి ఎక్కువ ప్రమాదకరమైన సమయం. కనుక ఆ అడుగు వేసే ముందు ఇటువంటి వారితో ఆలోచించడం మంచిది.

రెండవది శరీరానికి తగిలిన దెబ్బలు. శిరస్సు, హృదయం, బస్తి అనే మూడింటిని మహామర్మాలని చరకుడు చెప్పాడు. తలకు దెబ్బ తగిలినవారు, గర్భిణులు, విరిగిన ఎముక ఉన్నదేమో అని అనుమానం ఉన్నవారు వైద్య పరీక్ష పూర్తి అయ్యేవరకు ఏ వ్యాయామమూ చేయరాదు. మెడ నొక్కడం జరిగితే, పైకి చిన్న గుర్తు కూడా కనిపించకపోయినా, ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి వెళ్లవలెను. మెడలోని రక్తనాళం లోపలి పొర చిరిగి, కొన్ని రోజుల తరువాత పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నవి. గొంతు బొంగురుపోవడం, మింగేటప్పుడు నొప్పి, తల తిరగడం, చూపు మసకబారడం దీని సూచనలు. అటువంటివారికి మెడ త్రిప్పే ఆసనాలు, మెడ మర్దన పూర్తిగా నిషిద్ధం. మెడ పట్టేసిందని మంత్రసాని చేతనో, క్షురకుని చేతనో లాగించుకోవద్దు.

ఒకే అధ్యాయంలో మూడు మాటలు

మా గురువుగారు కృష్ణా తీరాన ఒక పల్లెలో ఉండేవారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి సంహితలు వల్లె వేయించేవారు. చరక సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం, నవేగాంధారణీయం, నాకు ఆ రోజులలోనే నోటికి వచ్చింది. అర్థం మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ అధ్యాయం ఆపకూడని పదమూడు వేగాలను చెబుతుంది. మలమూత్రాలు, తుమ్ము, ఆకలి, నిద్ర మొదలైన వాటితోపాటు కన్నీరు కూడా ఆ పదమూడింటిలో ఉన్నది. కన్నీటిని బలవంతాన ఆపితే పీనసం, నేత్రరోగాలు, హృద్రోగం, అరుచి, భ్రమ కలుగుతాయని హెచ్చరిక. తరువాత ఆపవలసిన వేగాల పట్టిక వస్తుంది. అందులో శోకం, భయం ఉన్నవి. క్రోధం ఉన్నది, పరుష వాక్కు ఉన్నది, ఇతరులను పీడించే దేహ చేష్టలు ఉన్నవి, హింస అనే మాట స్పష్టంగా ఉన్నది. అంటే ఏడ్చేవారిని ఏడవనివ్వవలెను, కొట్టేవాడు తన చేయి తాను పట్టుకోవలెను. మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తారుమారు. “మగవాడికి కోపం రాదా” అని ఒకరి వేగానికి దారి ఇస్తారు, “ఊరుకో, నలుగురూ వింటారు” అని ఇంకొకరి వేగాన్ని అణచివేస్తారు. శోకభయాలను కూడా అణచుకోమన్నారు కదా అని కొందరు పండితులు అడుగుతారు. భయానికి కారణం ఎదురుగా నిలబడి ఉండగా భయాన్ని అణచుకోమని ఏ శాస్త్రమూ చెప్పదు.

వ్యాయామ లక్షణం కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నది. శరీరానికి స్థిరత్వాన్నీ బలాన్నీ ఇచ్చే చేష్ట వ్యాయామం, దానిని మాత్ర తప్పకుండా చేయవలెనని భావం. ఆ శ్లోకం దగ్గర మా గురువుగారు ఆగి, “ఒరే అబ్బాయీ, సంధి విడదీయి” అన్నారు. విడదీస్తే ‘ఇష్ట’ అనే మాట బయటపడింది. తనకు ఇష్టమైన చేష్టయే వ్యాయామం. “బరువులు మోసే కూలివాడు పగలంతా కదులుతూనే ఉంటాడు. అది వ్యాయామం ఎందుకు కాదో ఇప్పుడు తెలిసిందా?” అన్నారు. ఇంటెడు చాకిరీ చేసే స్త్రీని చూచి “ఆవిడకు వేరే వ్యాయామం ఎందుకండీ” అనేవారికి ఇదే నా జవాబు. ఇతరుల ఆజ్ఞ మీద వంగిన నడుముకు, తన ఇష్టం మీద వంగిన నడుముకు ఫలితం ఒకటి కాదు. ఏళ్ల తరబడి ఎప్పుడు కూర్చోవలెనో, ఎప్పుడు లేవవలెనో ఇంకొకరు శాసించిన దేహానికి మొట్టమొదట తిరిగి రావలసినది బలం కాదు, ఈ ఇష్టమే.

ఇంతలో ఒక చిక్కు ఉన్నది. క్రోధశోకభయాలకు లోనైనవారు, బాగా అలసినవారు వ్యాయామం మానవలెనని కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నది. మరి వీరికి వ్యాయామం ఎట్లా చెప్పడం? దీనికి దారి సుశ్రుతుడు చూపాడు. చికిత్సాస్థానం ఇరవై నాలుగవ అధ్యాయంలో వ్యాయామాన్ని గురించి చెప్పి, వేరుగా చంక్రమణాన్ని గురించి చెబుతాడు. దేహాన్ని ఎక్కువ పీడించని నడక అది. ఆయుస్సు, బలం, మేధ, అగ్ని పెరగడం దాని ఫలాలు. ఇంకొక ఫలం కూడా చెప్పాడు: ఇంద్రియబోధనం, అంటే ఇంద్రియాలను మేలుకొలపడం. నేను చికిత్స చేసిన స్త్రీలలో చాలామంది చెప్పిన బాధ ఇదే. “తింటున్నాను, రుచి తెలియదు. పిల్లవాడు పిలుస్తున్నాడు, ఎక్కడినుంచో వినిపిస్తున్నట్లు ఉంటుంది.” దెబ్బ బాధ తెలియకుండా ఉండడానికి దేహం ఇంద్రియాల తలుపులు వేసుకొంటుంది. ఆపద పోయిన తరువాత కూడా అవి తమంత తాము తెరుచుకోవు.

ఎట్లా నడవవలెను

స్థలం, వేళ, దూరం ఆమే ఎంచుకోవలెను. మేడ మీద నడిచినా సరే, తల్లిగారి వీధిలో నడిచినా సరే. తోడు కావలెనా వద్దా అన్నదీ ఆమె మాటే. మొదటి వారం అయిదు నిమిషాలు చాలు. బాగుంటే మరి అయిదు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ చెబుతున్నది. అక్కడికి చేరడానికి మూడు నెలలు పట్టినా నష్టం లేదు.

వేగం ఎంత? బలంలో సగం. వాగ్భటుడు, సుశ్రుతుడు ఇద్దరూ బలవంతులకే అర్ధశక్తిని హద్దుగా చెప్పారు. నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పట్టి, నోరు ఎండి, నోటితో ఊపిరి తీయవలసి వస్తే సగం బలం అయిపోయినట్లు. వీరు అంతవరకు కూడా పోనవసరం లేదు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం సరిపోతుంది. దీనికి కారణం ఒకటి చెప్పవలెను. పరుగెత్తితే గుండె దడదడలాడుతుంది, ఊపిరి ఎగపోస్తుంది. భయపడినా అంతే జరుగుతుంది. చాలాకాలం భయంలో బ్రతికిన దేహానికి ఈ రెండింటికీ తేడా తెలియదు. ఆరోగ్యం కోసం పరుగెత్తమని మొదటి రోజే పంపితే, మధ్యలో కూర్చుండిపోయి ఏడ్చినవారు నాకు తెలుసు. నెమ్మదిగా నడిచి, గుండె కొంచెం వేగం అందుకొని, ఆగగానే తిరిగి సర్దుకోవడాన్ని రోజూ గమనిస్తే, దడ వచ్చినా దానంతట అది పోతుందన్న నమ్మకం దేహానికి కలుగుతుంది. ఈ నమ్మకాన్ని మాటలతో కలిగించలేము.

నడిచేటప్పుడు కళ్లు తెరిచే ఉంచవలెను. మొదట పాదాలను గమనించవలెను. మడమ నేలను తాకడం, అరికాలు ఆనడం, వ్రేళ్లు నేలను నెట్టడం. ఇరవై అడుగులు ఇట్లా గమనించి, తరువాత చూపు బయటకు త్రిప్పవలెను. వేపచెట్టు చిగురు, పాలవాడి సైకిలు, పక్కింటి వాకిట్లో సగం చెరిగిన ముగ్గు, ఏది కనబడితే అది. తరువాత చెవికి ఇరవై అడుగులు. మనస్సు పాత సంగతుల మీదికి పోతుంది. పోనివ్వండి. పోయిందని తెలియగానే మళ్లీ మడమ దగ్గరకు రావలెను. ఎన్నిసార్లు పోయిందో లెక్క పెట్టుకొని బాధపడకూడదు.

దారిలో హఠాత్తుగా పాత భయం మీద పడడం కూడా ఉంటుంది. అతని మోటారుసైకిలు వంటి చప్పుడు, అతను వాడే సిగరెట్టు వాసన ఇందుకు చాలు. అప్పుడు నడక ఆపి, గోడకో చెట్టుకో వీపు ఆనించి, రెండు పాదాలనూ నేలకు గట్టిగా నొక్కి, పైకి వినబడేటట్లు చెప్పుకోవలెను: “ఈ రోజు మంగళవారం. ఇది మా అమ్మ వాళ్ల వీధి. ఎదురుగా నీలం రంగు గేటు ఉంది.” నీళ్లు ఉంటే ముఖం మీద చల్లుకోవలెను. ఊపిరి బయటకు వదలడం కొంచెం నిదానంగా చేస్తే చాలు, బిగబట్టరాదు. ఆ రోజుకు అక్కడితో ఇంటికి వెళ్లిపోయినా తప్పు లేదు.

ధ్యానం విషయం

మైండ్‌ఫుల్‌నెస్ అనే మాట ఇప్పుడు పత్రికలన్నిటిలో కనబడుతున్నది. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన దీనిని ఆసుపత్రి రోగులకు నేర్పడం ప్రారంభించాడు. మూలం బౌద్ధుల స్మృతి సాధనలో ఉన్నది. బౌద్ధ భిక్షువులు కూర్చొని చేసే ధ్యానంతోపాటు నడుస్తూ చేసే ధ్యానం కూడా చేసేవారు. దానికి వారు వాడిన మాట కూడా చంక్రమణమే. కాబట్టి ఎరుక అంటే కళ్లు మూసుకొని బిగిసి కూర్చోవడమే అనుకోనవసరం లేదు.

దెబ్బలు తిన్న స్త్రీలకు కళ్లు మూయించడం, కుంభకం పట్టించడం, చీకటి గదిలో శవాసనం వేయించడం మొదట్లో మేలు కన్నా కీడే ఎక్కువ చేయవచ్చు. ఇది నా అనుభవం. యోగ నేర్పేవారు చెప్పకుండా వెనుకనుండి వచ్చి భుజం సరిదిద్దడం కూడా మానవలెను. 2014లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో, చికిత్సలకు లొంగని దీర్ఘకాల మానసిక ఆఘాతంతో బాధపడుతున్న 64 మంది స్త్రీలను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి 10 వారాలపాటు వారానికి ఒక గంట యోగ నేర్పారు, రెండవ వర్గానికి ఆరోగ్య పాఠాలు చెప్పారు. చివరికి యోగ చేసిన 31 మందిలో 16 మంది, పాఠాలు విన్న 29 మందిలో 6 గురు ఆ వ్యాధి హద్దునుండి బయటపడ్డారు. ఆ యోగలో ఉపాధ్యాయులు ఆజ్ఞాపించరు, “మీకు ఇష్టమైతే చేయి ఎత్తండి” అంటారు. మా గురువుగారు సంధిలోనుండి బయటకు తీయించిన మాట అక్కడ కూడా ఉన్నది. యోగ చేసినవారిలో 15 మందికి పూర్తిగా నయం కాలేదన్నది కూడా మరువరాదు. వారికి మానసిక వైద్యుని సహాయం అవసరం.

నడక కుదిరిన తరువాత అభ్యంగం కలుపుకోవచ్చును. నువ్వులనూనె ఒక చెంచా గోరువెచ్చగా చేసుకొని, రాత్రి నిద్రకు ముందు తన పాదాలకు తన చేతితోనే రాసుకోవలెను. శిరస్సు, చెవులు, పాదాలు అభ్యంగానికి ముఖ్యమని వాగ్భటుడు చెప్పాడు. వీరికి పాదాలతో మొదలుపెట్టడం క్షేమం. ఇతరుల స్పర్శ అంటే ఉలిక్కిపడే చర్మానికి తన చేతి స్పర్శ మొదటి పరిచయం అవుతుంది. కొందరికి కొన్ని వారాలపాటు అది కూడా సహించదు. అప్పుడు గోరువెచ్చని నీటిలో పాదాలు ఉంచితే చాలును. మధుమేహం వలన పాదాలకు స్పర్శ తగ్గినవారు నీటి వేడిని మోచేతితో చూచుకోవలెను.

ఏదైనా చూర్ణం పేరు వ్రాస్తానని పాఠకులు ఎదురు చూస్తుండవచ్చు. వ్రాయడం లేదు. ఇటువంటి స్త్రీని చూడకుండా పత్రికలో మందు చెప్పడం నాకు సమ్మతం కాదు. ఇదివరకే నిద్రమాత్రలు వాడుతున్నవారు నా వ్యాసం చదివి వాటిని హఠాత్తుగా మానరాదు. ప్రాణం తీసుకోవలెనన్న ఆలోచన వస్తుంటే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు నుండి ఇది కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉచిత మానసిక సహాయం.

పుట్టింటి వారికి ఒక మాట. “నడకకు వెళ్లావా? ఈ రోజు ఎందుకు వెళ్లలేదు?” అని రోజూ నిలదీయకండి. అది ఇంకొక పెత్తనం అవుతుంది. ఏడిస్తే పక్కన కూర్చోండి. భయశోకాల వలన వచ్చిన అతిసారానికి ఓదార్పును, సంతోషపెట్టడాన్ని చరకుడు చికిత్సలోనే చేర్చాడు. ఉన్మాద చికిత్సలో రోగిని భయపెట్టే ఉపాయాలు కూడా మన గ్రంథాలలో ఉన్నమాట నిజమే. వాటిని నేను ఏనాడూ వాడలేదు, నా శిష్యులకు నేర్పలేదు. గ్రంథంలో ఉన్నంత మాత్రాన ఆచరించవలెనన్న నియమం లేదు.

చివరగా, చాలామంది అడిగే సందేహం: భర్త మారాడు, కలిసి నడవవచ్చునా? అతను పశ్చాత్తాపపడి ఎన్ని మాటలు చెప్పినా, వాటిని బట్టి దీనిని నిర్ణయించలేము. “ఈ రోజు నేను ఒక్కదాన్నే వెళ్తాను” అని ఆమె చెప్పగలగాలి. ఆ మాటకు ఆ పూటగాని, మరునాడుగాని ఇంట్లో ఏ రగడా రాకూడదు. ఇట్లా కొన్ని నెలలు గడిస్తే అప్పుడు ఆలోచించవచ్చును. పైన చెప్పిన రోగి మూడేళ్లు ఒంటరిగానే నడిచింది. ఆ తరువాత వాళ్ల చెల్లెలితో కలిసి నడవడం మొదలుపెట్టింది.